నోటిఫికేషన్ అడుగు వాక్యానికి టీక

“మాజీ సైనికులకు నిబంధనల మేరకు రిజర్వేషన్, వయో సడలింపు వర్తిస్తాయి.”

బ్యాంకు క్లర్కు పోస్టులైనా, రైల్వే పోస్టులైనా, ఇన్‌కం ట్యాక్స్ ఆఫీసులో అటెండరు పోస్టులైనా, ప్రకటన అడుగున ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది. మిగతా అభ్యర్థులు దాన్ని దాటేసి ఫీజు ఎంతో, ఆఖరి తేదీ ఎప్పుడో చూసుకుంటారు. ముప్పై ఏడేళ్లకే పెన్షన్ మీద ఇంటికొచ్చిన సిపాయికి మాత్రం ఆ కాగితం మొత్తంలో తన గురించి ఉన్న ముక్క అదొక్కటే. మన దేశంలో ఏటా దాదాపు 60,000 మంది త్రివిధ దళాల నుంచి ఇలా బయటికొస్తారు. వాళ్లలో ఎక్కువమంది నలభై చుట్టుపక్కల వయసువాళ్లు. పిల్లలు హైస్కూల్లోనో ఇంటర్లోనో ఉంటారు, ఇల్లు సగం కట్టి ఉంటుంది, అమ్మానాన్నలకు మందుల ఖర్చు అప్పుడే మొదలై ఉంటుంది. మన ఊళ్లలో ఆయన్ని ‘రిటైరైపోయాడు’ అంటారు గానీ, ఆయన నిజంగా సంపాదించాల్సిన కాలం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ వాక్యంలోని మాటలకూ, దాని వెనక కనబడకుండా ఉన్న మరికొన్ని మాటలకూ ఇది వివరణ. సైనికుడికి ఏది ముందు ఎదురవుతుందో దాన్నే ముందు తీసుకున్నాను.

కలర్ సర్వీస్

సైన్యంలో చేరినవాడు అరవై ఏళ్లదాకా ఉండడు. 2022 వరకు ఉన్న పద్ధతిలో చేరినవాణ్ని, సిపాయిగానే మిగిలిపోతే 17–19 ఏళ్ల సర్వీసుకు, హవల్దారైతే ఇరవై నాలుగేళ్లకు కాస్త అటూ ఇటుగా, సుబేదారైతే మరికొంత ఆలస్యంగా పంపేస్తారు. అప్పట్లో నేవీలో సెయిలర్ తొలి ఒప్పందం 15 ఏళ్లు, ఎయిర్ ఫోర్సులో ఎయిర్‌మన్‌కు 20 ఉండేది. మంచుకొండల మీద బరువు మోసే పనికి కుర్రాళ్లే కావాలి కాబట్టి సైన్యం తన సగటు వయసు పెరగనివ్వదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగి 62 ఏళ్లకు, తెలంగాణ ఉద్యోగి 61 ఏళ్లకు దిగిపోతుంటే, అదే ఊరి సైనికుడు ఇరవై అయిదేళ్లు ముందే దిగిపోతున్నాడు. పింఛను రావాలంటే జవానుకు కనీసం 15 ఏళ్లు, ఆఫీసరుకు 20 ఏళ్లు సర్వీసు ఉండాలి. ఇకపై వచ్చే లెక్కల్లో ఈ ‘15’ మళ్లీ మళ్లీ కనబడుతుంది.

ట్రేడ్

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడే ఉంది.

సైన్యంలో అందరూ తుపాకీ పట్టుకుని సరిహద్దులో నిలబడరు. సికింద్రాబాద్‌లో, సైన్యపు మరమ్మతుల విభాగమైన ఈఎంఈ సెంటర్‌లో తయారైనవాడు వెహికల్ మెకానిక్కో, ఆయుధాల ఫిట్టరో అవుతాడు. అక్కడికి దగ్గర్లోనే తిరుమలగిరిలో, ఆయుధాలూ సరుకులూ సరఫరా చేసే విభాగమైన ఏఓసీ సెంటర్‌లో తయారైనవాడికి గిడ్డంగి పని వస్తుంది. ఏ సరుకు ఎక్కడ ఉంది, ఎంత మిగిలింది, దేని గడువు ఎప్పుడు తీరుతుంది అన్న లెక్క మీదే అతని ఉద్యోగం నడుస్తుంది. బెంగళూరులో ఇంజినీరు దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరినవాడు డోజర్ నడిపి ఉండవచ్చు, వంతెన వేసి ఉండవచ్చు. సిగ్నల్స్ వాళ్లు, సైనిక ఆసుపత్రుల్లో నర్సింగ్ అసిస్టెంట్లు, క్లర్కులు, డ్రైవర్లు, వంటవాళ్లు అందరూ ఉన్నారు. ఏ సైనిక ట్రేడు బయటి ఏ పనికి సమానమో చూపే పట్టికలు ప్రభుత్వం దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ ఆ పట్టిక ముందు పెట్టుకుని మనిషిని ఉద్యోగంలోకి తీసుకునే కంపెనీ నాకు తెలిసి చాలా అరుదు.

పట్టికలో సమానమని ఉన్నంత మాత్రాన సరిపోదు, లైసెన్సు కావాలి. సియాచిన్ దారిలో మూడు టన్నుల లారీ నడిపినవాడైనా రవాణా శాఖ దగ్గర కాగితాలు మార్పించుకోవాలి. నర్సింగ్ అసిస్టెంటుగా పదిహేనేళ్లు ఇంజెక్షన్లు వేసి, కుట్లకు చేయందించి, తూటా దెబ్బ తిన్నవాడిని ఆసుపత్రిదాకా బతికించి తెచ్చినవాడు, ఊళ్లోకి వచ్చాక నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేక నర్సు ఉద్యోగానికి పనికిరాడు. యుద్ధవిమానం ఇంజిన్ విప్పి బిగించిన ఎయిర్‌మన్ ప్రయాణికుల విమానం కింద సంతకం పెట్టాలంటే పౌర విమానయాన శాఖ పరీక్షలు విడిగా పాసవ్వాలి. ప్రాణాలతో ముడిపడిన పనులు కాబట్టి పరీక్ష వద్దని ఎవరూ అనరు. అయితే ఆ పరీక్షకు ఫీజు కట్టి కూర్చోబెట్టాల్సింది యూనిఫాం విప్పాకనా, విప్పకముందా? నేవీ ఈ విషయంలో కొంత ముందుంది. 2020లో షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్‌తో ఒప్పందం చేసుకుని, నావికులు మర్చంట్ నేవీ సర్టిఫికెట్లు పొందేందుకు దారి వేసింది. విశాఖలో దిగిపోయే సెయిలర్‌కు దీని విలువ బాగా తెలుసు. ముప్పై అయిదేళ్లవాడు ఓడ దిగి ఓడే ఎక్కుతాడు, కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ.

ఇక పదాతిదళంలో జనరల్ డ్యూటీ సిపాయి సంగతి. సంఖ్యలో వీళ్లదే పెద్ద వాటా. వీళ్ల ట్రేడుకు సమానమైన పని వెతికితే పట్టిక ‘కాపలా’ దగ్గరే ఆగిపోతుంది. పదిమందిని వెంటేసుకుని రాత్రిపూట గస్తీ తిప్పడం, తిండీ నీళ్లూ మందులూ సరిపోయేలా చూడటం, కొత్తగా వచ్చినవాడి భయం పోగొట్టడం అతనికి వచ్చు. బయట ఈ పనే చేసేవాణ్ని సైట్ సూపర్‌వైజర్ అంటారు. జవాను కాగితాల మీద మాత్రం ఆ మాట ఎక్కడా ఉండదు.

గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్

పదో తరగతి పాసై, కనీసం 15 ఏళ్లు సర్వీసు చేసిన మాజీ సైనికుణ్ని, డిగ్రీ అడిగే గ్రూప్-సి పోస్టులకు అర్హుడిగా చూడవచ్చని 1979 నాటి కేంద్ర నియమావళి చెబుతుంది. ఆ పోస్టుకు సాంకేతిక, వృత్తి అనుభవం తప్పనిసరి కాకూడదు. రికార్డ్స్ ఆఫీసు ఆ మేరకు ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. జవాన్లు దాన్నే ‘గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్’ అంటారు, కొందరు ఇంట్లో ఫ్రేము కట్టించి పెడతారు కూడా.

ఇది మంచి నిబంధనే, దీనివల్ల బ్యాంకుల్లో, కేంద్ర కార్యాలయాల్లో స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ దీని హద్దు తెలియక దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. ఇది విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా కాదు. దీంతో బీఎడ్‌లో చేరలేరు, ఎంబీఏలో చేరలేరు. ప్రైవేటు కంపెనీ దీన్ని చూసి తల ఊపుతుంది గానీ లెక్కలోకి తీసుకోదు. పైగా ఇది చేతికొస్తుందన్న ధీమాతో సర్వీసులో ఉండగా దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయకుండా వదిలేసినవాళ్లు ఎందరో. సరిహద్దుకు దూరంగా పీస్ స్టేషన్‌లో రెండు మూడేళ్లు ఉన్నప్పుడే ఫీజు కట్టి రాసుంటే అసలు డిగ్రీయే చేతిలో ఉండేది. రెండూ ఉంటే నష్టమేం లేదు.

రీసెటిల్‌మెంట్ కోర్సు

రక్షణ శాఖ కింద డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ ఉంది, అందరూ డీజీఆర్ అంటారు. దిగిపోబోయేవాళ్లకు ఇది శిక్షణ కోర్సులు నడిపిస్తుంది. జవాన్లకూ జేసీఓలకూ (సుబేదారు స్థాయివాళ్లకు) ఫీజంతా ప్రభుత్వమే భరిస్తుంది, ఆఫీసర్లయితే 40 శాతం తమ జేబులోంచి కట్టుకోవాలి. ఆఫీసర్లు ఐఐఎంలలో దాదాపు ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సు చదివి కార్పొరేట్ కంపెనీలకు వెళ్తుంటారు. జవాన్ల జాబితాలో సెక్యూరిటీ సూపర్‌వైజర్, కంప్యూటర్, స్టోర్స్, ఆసుపత్రి నిర్వహణ వంటివి ఉంటాయి.

కాగితం మీద లోటు లేదు. ఆచరణలో, ఆఖరి ఏడాదిలో యూనిట్ అతన్ని వదలాలి. మనుషులు తక్కువున్న యూనిట్ వదలడానికి ఇష్టపడదు. వదిలితే అతను కోర్సు చూసుకోడు, ఊరు చూసుకుంటాడు. ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా ఉన్నవాడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ కోర్సు దొరికితే అది రాసేసుకుంటాడు. దీనికి అతన్ని తప్పుపట్టలేం. పదిహేనో ఏటికి ముందే ఎవరైనా పక్కన కూర్చుని ‘దిగాక ఏం చేద్దామనుకుంటున్నావు?’ అని అడిగి ఉంటే సంగతి వేరుగా ఉండేది.

డిశ్చార్జి బుక్

బయటికొచ్చేరోజు చేతికిచ్చే చిన్న పుస్తకం. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు దిగాడు, ఏ ర్యాంకు, ఏ పతకాలు, ఏ కోర్సులు, ప్రవర్తన ఎలాంటిది అన్నీ ఇందులోనే ఉంటాయి. ఇది పోతే మళ్లీ తెప్పించుకోవడం అంత తేలిక కాదు. దీనివీ, పింఛను ఆర్డరువీ రెండు మూడు జిరాక్సు సెట్లు వేరే చోట దాచమన్నది పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి సలహా. ‘ప్రవర్తన: ఆదర్శప్రాయం’ అన్న ముక్క దాదాపు అందరి పుస్తకంలోనూ ఉంటుంది, దానికి ఇంటర్వ్యూలో మార్కులు పడవు. కోర్సుల పేజీని మాత్రం అశ్రద్ధ చేయకూడదు. అక్కడ ఎక్కని కోర్సును తర్వాత నిరూపించుకోవడం కష్టం.

మాజీ సైనికుడు

ఊరి దృష్టిలో యూనిఫాం వేసినవాడల్లా మిలట్రీయే. సీఆర్పీఎఫ్‌లో ఇరవై ఏళ్లు చేసి వచ్చిన ఆయన్ని కూడా ‘మిలట్రీ ఆయన’ అనే పిలుస్తారు. నిబంధనల దృష్టిలో ఆయన ఈ మాటలోకి రాడు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం నుంచి పింఛనుతో దిగినవాళ్లు, సర్వీసు కారణంగా వచ్చిన గాయంతోనో జబ్బుతోనో వైద్యపరంగా పంపేసినవాళ్లు, బలగాన్ని తగ్గించినప్పుడు గ్రాట్యుటీతో బయటికొచ్చినవాళ్లు వస్తారు. పింఛను రాకముందే సొంతంగా రాజీనామా చేసినవాడు రాడు. ఇంట్లో ఇబ్బందులు తట్టుకోలేక పన్నెండో ఏట వదిలేసి వచ్చినవాడికి ఈ సంగతి తెలిసేది సాధారణంగా వదిలేశాకే.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం లాంటి ఊళ్లు ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ తరతరాలుగా సైన్యంలోకి మనుషుల్ని పంపుతున్న ఊరు అది, ‘మిలట్రీ మాధవరం’ అంటేనే అందరికీ తెలుస్తుంది. అలాంటి చోట అరుగు మీద కూర్చున్నా ఇవన్నీ చెవిన పడతాయి, ఏ నోటిఫికేషన్ పడిందో, ఎవరికి ఏ కాగితం అడిగారో. శ్రీకాకుళంలో ఏ మారుమూల పల్లెలోనో ఒక్కడే సైన్యానికి వెళ్లి వచ్చి ఉంటే, అతనికి ఆ అరుగు లేదు. ఇప్పుడు ఒకే రెజిమెంటువాళ్ల వాట్సాప్ గ్రూపులు ఆ లోటును కొంత తీరుస్తున్నాయి. నా అంచనాలో ప్రభుత్వ సాయంకంటే ఇవే ఎక్కువమందిని ఉద్యోగాల్లో పెడుతున్నాయి.

వయో సడలింపు

లెక్క సులువే. కేంద్రంలో గ్రూప్-సి పోస్టుకు అతని వయసులోంచి సైన్యంలో గడిపిన కాలం తీసేస్తారు. మిగిలింది ఆ పోస్టు గరిష్ఠ వయసును మూడేళ్లకు మించి దాటకూడదు. పందొమ్మిదో ఏట చేరి 17 ఏళ్లు చేసినవాడికి 36. పదిహేడు తీసేస్తే మళ్లీ పందొమ్మిదే. పోస్టుకు పరిమితి 27 అయితే, అతను నలభై ఏడేళ్లు వచ్చేదాకా రాసుకోవచ్చు. మన రాష్ట్రాల సర్వీస్ కమిషన్లు కూడా ‘సర్వీసు కాలం, దానికి మూడేళ్లు’ అనే పద్ధతినే పాటిస్తున్నాయి.

ఇన్నేళ్లు పరీక్షలు రాయవచ్చన్న వెసులుబాటు ఒక ఉచ్చు కూడా. ‘ఇంకా టైముంది’ అనుకుంటూ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి, పదేళ్లు పింఛను మీదే గడిపేసి, నలభై ఆరో ఏట ఏ ప్రైవేటు ఉద్యోగానికీ పనికిరాకుండా మిగిలిపోయేవాళ్లు ఉన్నారు. ఇరవై మూడేళ్ల కుర్రాళ్ల పక్కన కూర్చుని రీజనింగ్ లెక్కలు చేయడం కష్టం. మొదటి రెండేళ్లలోనే గట్టిగా ప్రయత్నించి, కాకపోతే వేరే దారి చూసుకోవడం మేలు.

రిజర్వేషన్

కేంద్ర మంత్రిత్వ శాఖల్లో గ్రూప్-సి ఖాళీల్లో పది శాతం, పాత గ్రూప్-డి పోస్టుల్లో ఇరవై శాతం. ప్రభుత్వ రంగ సంస్థల్లో, బ్యాంకుల్లో ఇవి 14.5 శాతం, 24.5 శాతం. వికలాంగులైన మాజీ సైనికులకూ, యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలకూ కేటాయించిన 4.5 శాతం ఇందులోనే కలిసి ఉంది. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో అసిస్టెంట్ కమాండెంట్ పోస్టుల్లో పది శాతం.

ఇది అడ్డం కోటా, అంటే కులాల వారీ కోటాలకు విడిగా నిలబడదు, వాటిని కోసుకుంటూ పోతుంది. ఎంపికైన మాజీ సైనికుడు ఎస్సీ అయితే ఎస్సీ పోస్టులోనే, బీసీ అయితే బీసీ పోస్టులోనే లెక్కకొస్తాడు. ఎవరి పోస్టునూ ఎవరూ లాక్కోవడం లేదు. ఊళ్లలో దీనిమీద రేగే వాదనలు సగం ఈ సంగతి తెలియకే.

అంకెలు చూస్తే ఉద్యోగాలు బోలెడు ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఈ కోటా పూర్తిగా నిండదు. రక్షణ వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ విషయాన్ని పదే పదే ఎత్తి చూపింది. కారణాలు చాలానే ఉన్నాయి. ఒక ఆఫీసులో నాలుగు ఖాళీలుంటే పది శాతం లెక్కన ఒక్క పోస్టు కూడా రాదు. పదిచోట్ల నాలుగేసి ఖాళీలు కలిపి చూడాల్సినవాళ్లు చూడరు. సాంకేతిక అర్హత అడిగే పోస్టులకు గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ చెల్లదు. రాతపరీక్షలో కనీస మార్కులు రాకపోతే ఆ పోస్టు ఇతరులకు పోతుంది. కోటా పెంచమని అడిగే సంఘాలు, ఉన్న కోటా నిండేలా పరీక్షకు తయారుచేసే ఏర్పాటు అడగడం తక్కువ.

నిబంధనల మేరకు

ఈ రెండు మాటల్లో దాగి ఉన్న ముఖ్యమైన షరతు ఒకటుంది. ఈ కోటా మీద కేంద్రంలో ఒక పౌర ఉద్యోగంలో చేరాడంటే, ఇంకో ఉద్యోగానికి మాజీ సైనికుడిగా ఆ లాభం మళ్లీ సాధారణంగా దక్కదు. చేరకముందే వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉన్నట్టయితే, చేరేటప్పుడే ఆ వివరాలతో రాతపూర్వకంగా ప్రకటించాలి. తొందరపడి దొరికిన మొదటి చిన్న ఉద్యోగంలో చేరిపోయి, ఆర్నెల్లకు బ్యాంకు ఫలితాలొచ్చాక తల పట్టుకునేవాళ్లకు ఈ ఒక్క కాగితం ముక్క ఎంత పనిచేసేదో.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి

ఇప్పటి పిల్లలకు ఈ ఆఫీసు ఏమిటో తెలియకపోవచ్చు. వాళ్ల నాన్నలు మాత్రం అక్కడ కార్డు రెన్యువల్ చేయించుకోవడానికి వరసలో నిలబడినవాళ్లే. దీని పుట్టుక సైనికుల కోసమే జరిగిందని చాలామందికి తెలియదు. రెండో ప్రపంచయుద్ధంలో దాదాపు 25 లక్షల మంది ఉన్న భారత సైన్యాన్ని తగ్గించాల్సి వచ్చినప్పుడు, వాళ్లంతా ఒక్కసారి ఊళ్లమీద పడతారన్న ఆలోచనతో 1945 జూలైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ పెట్టారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు దాని చేతులు. దేశ విభజన తర్వాత శరణార్థులకు తెరిచారు, 1948లో అందరికీ తెరిచారు. 1956లో వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి పోయింది. అప్పటి పాలకులు తమ అవసరం కోసమే చేసినా ఒకటి గ్రహించారు. సైనికుడికి ఉద్యోగం ఇప్పించాలంటే ముందు అతనికి ఏ పని వచ్చో రాసుకోవాలి, ఏ ఊళ్లో ఏ పని ఖాళీ ఉందో రాసుకోవాలి, ఆ రెండు జాబితాలూ ఒకే బల్లమీద ఉండాలి.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం

గుర్తింపు కార్డు, పిల్లల చదువుకు సాయం, వితంతువుల కాగితాలు, ఉద్యోగానికి పేరు నమోదు అన్నీ ఇక్కడే జరుగుతాయి. సాధారణంగా మాజీ సైనికాధికారే ఇక్కడ అధికారి, కాబట్టి భాష కుదురుతుంది. సిబ్బంది తక్కువ, పని ఎక్కువ. ఒకప్పుడు సైనికుడికి పునరావాసం అంటే బంజరు భూమి పట్టా. ఇప్పటికీ కొందరు ఈ ఆఫీసుకు ఆ దరఖాస్తుతోనే వస్తారు.

డీఎస్‌సీ

డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. 1947 ఫిబ్రవరిలో ఏర్పడిన ఈ బలగం రక్షణ సంస్థలకు కాపలా కాస్తుంది, దీని కేంద్రం కేరళలోని కన్నూరు. మాజీ సైనికులనే తీసుకుంటుంది. హవల్దారుగా దిగినవాడు కూడా మళ్లీ సిపాయిగా చేరాల్సి వస్తుందని చాలామంది మొహమాటపడతారు. యూనిఫాం, వరస, విజిలు అన్నీ తెలిసినవే కాబట్టి కొత్త జీవితం భయపెట్టేవాళ్లకు ఇది ఆదరువు. సరిపడా ఏళ్లు చేస్తే రెండో పింఛను కూడా వస్తుంది.

సెక్యూరిటీ

‘గన్ లైసెన్సు ఉన్న మాజీ సైనికులు కావలెను’ అన్న చిన్న ప్రకటన హైదరాబాద్ పేపర్లలో చూడని ఆదివారం ఉండదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలను నియంత్రించే 2005 నాటి చట్టం గార్డుల ఎంపికలో మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని చెబుతుంది. డీజీఆర్ గుర్తించిన ఏజెన్సీల్లో, ముఖ్యంగా ప్రభుత్వ రంగ సంస్థల దగ్గర, జీతం, పీఎఫ్ కాస్త పద్ధతిగా ఉంటాయి. అపార్ట్‌మెంటు గేటు దగ్గర అలా ఉండదు. పన్నెండు గంటల డ్యూటీ, విజిటర్ల రిజిస్టరు, ఆలస్యంగా వచ్చిన కుర్రాడి చీవాట్లు.

కాపలా తక్కువ పని అని నేను అనను. తుపాకీ విలువ తెలిసినవాడి చేతిలో బ్యాంకు క్యాష్ వ్యాను ఉండటం అందరికీ మంచిదే. నా అభ్యంతరం వేరు. రేడియో సెట్లు నడిపినవాడికీ, మందుల లెక్క చూసినవాడికీ, డోజర్ తోలినవాడికీ అందరికీ కలిపి సమాజం ఒకే కుర్చీ వేస్తోంది. సైనికుడు అనగానే ఎదుటివాడి కళ్లకు గేటే కనబడుతుంది. కొన్నాళ్లకు సైనికుడికి కూడా అదే కనబడుతుంది.

సొంత వ్యాపారం

పెట్రోలు బంకులు, గ్యాస్ ఏజెన్సీల కేటాయింపులో రక్షణ వర్గానికి కొంత వాటా ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల మదర్ డెయిరీ బూత్‌లు, సీఎన్‌జీ స్టేషన్లు, బొగ్గు గనుల దగ్గర రవాణా కంపెనీలు కూడా ఉన్నాయి. తెలుగు జవాను దాకా ఇవి వచ్చేది తక్కువ. అతని చేతికి నిజంగా వచ్చేది పింఛన్ కమ్యూట్ చేసిన డబ్బు. సగందాకా కమ్యూట్ చేసుకోవచ్చు, పదిహేనేళ్లకు మళ్లీ పూర్తి పింఛను మొదలవుతుంది. ఆ డబ్బు వస్తుందని ఊరికి ముందే తెలుసు. ప్లాట్ల ఏజెంటు, చీటీల బావమరిది, అప్పడిగే చిన్నాన్న వరసగా వస్తారు. దిగిన మొదటి ఏడాది ఆ డబ్బును బ్యాంకులోంచి కదపకుండా ఉంచగలిగినవాడే తర్వాత ట్రాక్టరో, వర్క్‌షాపో ఆలోచించి పెట్టుకుంటాడు.

జీతం

కేంద్ర పౌర ఉద్యోగంలో చేరిన మాజీ జవానుకు సాధారణంగా ఆ పోస్టు ఆరంభ జీతమే కడతారు. పింఛను ఆగదు, అది వేరే వస్తూనే ఉంటుంది. ఇప్పుడు పై లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వయసు దగ్గర ఆ పదిహేడేళ్లను గడవనట్టే తీసేశారు. చదువు దగ్గర ఆ ఏళ్లనే డిగ్రీగా లెక్కేశారు. జీతం దగ్గర మళ్లీ లేనట్టే చూశారు. ఏళ్లను మూడు రకాలుగా లెక్కపెట్టారు. ఆ ఏళ్లలో అతను చేసిన పనేమిటో మాత్రం ఏ లెక్కలోనూ అడగలేదు.

ఇంటర్వ్యూ

ప్రైవేటు కంపెనీ ఆ పనిని అడుగుతుంది. చెప్పడం మన సైనికుడికి రాదు. ‘నువ్వేం చేశావు?’ అంటే ‘మా యూనిట్ అది చేసింది’ అంటాడు. ‘జీతం ఎంత ఆశిస్తున్నారు?’ అని అడిగితే నోరు పెగలదు, ఎందుకంటే పే కమిషన్ ఇచ్చినదాన్ని తీసుకోవడమే తప్ప జీతం అడగడం అతనికి అలవాటు లేదు. బయోడేటాలో పోస్టింగులు రాస్తాడు, లేహ్, తేజ్‌పూర్, బఠిండా అని. చదివేవాడికి వాటితో పనిలేదు. ‘నలభై వాహనాల మరమ్మతు షెడ్డు చూసుకున్నాను, అందులో ఎనిమిదిమంది నా కింద పనిచేశారు’ అని రాస్తే పని ఉంటుంది. సైన్యం తరఫున ఆర్మీ వెల్ఫేర్ ప్లేస్‌మెంట్ ఆర్గనైజేషన్, నేవీకీ ఎయిర్ ఫోర్సుకూ వాటి ప్లేస్‌మెంట్ విభాగాలు ఉన్నాయి, డీజీఆర్ అప్పుడప్పుడు జాబ్ మేళాలు పెడుతుంది. మేళా రోజున బల్ల దగ్గర ఇచ్చే అయిదు నిమిషాల్లో ఈ సంగతులు నేర్పడం కుదరదు. ఈఎంఈ, ఏఓసీ రిటైరీలు సైనిక్‌పురి, యాప్రాల్, అల్వాల్ ప్రాంతాల్లో వేలమంది స్థిరపడి ఉన్నారు. పదేళ్ల క్రితం దిగి కంపెనీలో స్థిరపడ్డ సుబేదారు సాబ్ దగ్గర ఒక సాయంత్రం కూర్చుంటే, మేళాలో దొరకనిది దొరుకుతుంది.

వర్తిస్తాయి

ఎవరికి వర్తించవో చెప్పకుండా ఈ టీక పూర్తి కాదు. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్లు సేవ, ఆ తర్వాత గరిష్ఠంగా నలుగురిలో ఒకరికి సైన్యంలో కొనసాగింపు, మిగతావాళ్లకు సేవా నిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు. అందులో సగం వాళ్ల జీతంలోంచి కోసి దాచినదే. పింఛను లేదు. మాజీ సైనికుడి హోదా లేదు. అంటే పైన చెప్పిన పది శాతం, పద్నాలుగున్నర శాతం, గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్, సర్వీసు కాలం తీసేసే వయో లెక్క ఏవీ వాళ్లకు లేవు. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో కోటా, వయసులో కొంత సడలింపు వేరుగా ప్రకటించారు. ఈ పథకం మీద రేగిన నిరసనల్లో, అదే జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయినప్పుడు అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది ఆర్మీ సెలక్షన్ల కోసం ఏళ్లుగా పరుగు ప్రాక్టీసు చేసిన పల్లె కుర్రాళ్లు. రైళ్లు తగలబెట్టడాన్ని సమర్థించలేం. వాళ్ల ప్రశ్న మాత్రం సరైనదే, ఆ నాలుగేళ్ల తర్వాత ఏమిటని.

దీనికి ఇచ్చిన జవాబుల్లో ఒకటి నాకు నచ్చింది. ఇగ్నోతో కలిసి రూపొందించిన డిగ్రీలో సగం క్రెడిట్లు అగ్నివీరుడు సర్వీసులో పొందిన నైపుణ్య శిక్షణకే వస్తాయి. పదో తరగతితో చేరినవాడు ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్ పూర్తిచేయవచ్చు. ఏళ్లు కాకుండా పని లెక్కకొచ్చిన చోటు ఇది. పైగా ఆ కుర్రాడు బయటికొచ్చేది ఇరవైల్లోనే, నేర్చుకునే వయసులో. 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన మొదటి బ్యాచ్‌ల నాలుగేళ్లు 2026–27లో తీరుతాయి. అతని చేతిలోని నైపుణ్య సర్టిఫికెట్ మీద వెహికల్ మెకానిక్ అని ఉంటే దాన్ని లారీ కంపెనీ సర్వీస్ సెంటర్ ఒప్పుకుంటుందా, నర్సింగ్ అసిస్టెంట్ అని ఉంటే పారామెడికల్ బోర్డు ఎన్ని నెలల తరగతులు తగ్గిస్తుంది, డ్రైవర్ అని ఉంటే ఆర్టీసీ డిపోలో ఏమంటారు అన్నవి అప్పుడు ఒక్కొక్క కౌంటరు దగ్గర తేలాల్సిన సంగతులు. వాటికి ఉత్తర్వులు రాయాల్సింది రక్షణ శాఖ కాదు, రవాణా శాఖ, ఆరోగ్య శాఖ, నైపుణ్య శాఖ, రాష్ట్ర ప్రభుత్వాలు.